తార్మేరు దొర వెంట వెళ్ళినవాడి కోసం

ఆస్ట్రేలియా నుంచి తిరిగి వచ్చాక సీతంపేటలో కనబడినవాళ్ళంతా ఒకే తీరుగా పలకరించారు. విమానంలో ఏం పెట్టారు, చలి తట్టుకున్నావా, కంగారూను దగ్గరగా చూశావా అన్నారు. కొండెక్కి మా గూడకు వెళ్తే మాత్రం ఎవరూ ఆ మాటలు అడగలేదు. చాప వేసి, మంచినీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఆగి అడిగారు. "ఆయన జాడ తెలిసిందా?"

అడిగినవాళ్ళకు ఆ రోజే చెప్పాను. ఆ దేశం వెళ్ళని వాళ్ళ కోసం ఇప్పుడు రాస్తున్నాను.

మేం సవరలం. మా ముత్తాతకు తాత అయినాయనకు ఒక తమ్ముడుండేవాడు. కుంఫిణీ రోజుల్లో మా కొండల్లో పితూరీ లేస్తే అణచడానికి గుర్రపు దండుతో ఒక తెల్ల అధికారి వచ్చాడు. పేరు థార్న్‌మియర్. మావాళ్ళ నోట తార్మేరు దొర అయ్యాడు. గూడలు కాల్పించాడు. కొండ కింద బంగళా కట్టించుకుని, పట్టుబడిన కుర్రాళ్ళను గుర్రాలకు గడ్డి కోసే పనిలో పెట్టాడు. ఆ తమ్ముడు వాళ్ళలో ఒకడు. గడ్డి కోస్తూ కోస్తూ గుర్రాలను మచ్చిక చేసుకోవడం నేర్చాడు. దొర ఈ దేశం విడిచి పోయేటప్పుడు అతన్ని వెంట తీసుకుపోయాడు. ఓడ ఎక్కించారని కబురు వచ్చింది. ఆ పైన ఏ కబురూ లేదు.

మాలో పోయినవారికి వంశం వరసలో రాయి నిలబెడతాం. అయితే మనిషి ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో తెలియాలి. అది తెలియకుండా మా ఎజ్జోడు, అంటే గూడ పూజారి, ఆ ప్రాణాన్ని ఏమని పిలుస్తాడు? అందుకే ఇన్ని తరాలైనా ఆయనకు రాయి పడలేదు. మా అమ్మ చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, "సదువుకున్నావు, నలుగురికి సెప్పావు. ఆ ఒక్కడూ ఏటయ్యాడో సూడే" అంది.

సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. పాడుబడిన బంగళా గోడ మీద దొర పూర్తి పేరు చెక్కి ఉంది. ఒకరోజు ఆ పేరు ఫోనులో కొట్టి చూస్తే ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రపు పడమటి మైదానాల్లో, అదే పేరుతో ఒక చిన్న ఊరు కనబడింది. ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం విజయ మెల్‌బోర్న్‌లోనే స్థిరపడింది. ఫోన్ చేశాను. "ఎప్పుడొస్తావో చెప్పవే, అంతే" అంది.

విజయ ఇల్లు

విమానాశ్రయంలోనే నా మొదటి పొరపాటు. విజయకు ఇష్టమని ఎండబెట్టిన ఇప్పపువ్వు ఒక మూట తెచ్చాను. దాచకుండా కాగితం మీద రాశాను కూడా. ఆఫీసరమ్మ మూట విప్పి వాసన చూసి, తింటారా అంది. తింటాం, సారా కూడా కాస్తాం అన్నాను. ఆమె నవ్వు ఆపుకుంటూనే, బయటి దేశపు పూలూ గింజలూ లోపలికి రానివ్వమని చెప్పి మూటను చెత్తడబ్బాలో వేసింది. బయట విజయ ఆ మాట విని నొచ్చుకుంది.

"ఏటే సుందరీ, నా ఇప్పపువ్వు వాళ్ళకిచ్చీసి నువ్వు ఖాళీ చేతుల్తో వచ్చావేటి! సర్లే, కారెక్కు. ఫ్లైట్‌లో ఏమైనా తిన్నావా లేదా?"

శ్రీకాకుళం యాస ఇంగ్లీషుతో కలిసిపోయి ఆమె నోట కొత్త భాషలా ఉంది. కూతురు తన్వి యూనిలో చదువుతోంది. ఇక్కడ యూనివర్సిటీని అందరూ అలాగే అంటారు. నా తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. నేను చారు బాగుందంటే "థాంక్స్, ఆంటీ, ఐ మేడ్ ఇట్" అంటుంది.

మర్నాడు విజయ నన్ను నగరం శివార్లలోని కేరమ్ డౌన్స్ గుడికి తీసుకెళ్ళింది. శివుడూ విష్ణువూ ఒకే ప్రాకారంలో ఉన్నారు. క్యాంటీన్‌లో దోసెల వాసన, చుట్టూ గుంటూరు, కరీంనగర్, అనంతపురం యాసలు. ఒక పెద్దాయన మాట కలిపి మాది ఏ ఊరని అడిగారు. చెప్పాను. ఎవరివాళ్ళమని కూడా అడిగారు. అదీ చెప్పాను.

"ఓ, ట్రైబల్సా! మీలో కూడా ఇంగ్లీష్ ఇంత బాగా మాట్లాడేవాళ్ళు ఉన్నారా అమ్మా?" అన్నారు. ఆయన ముఖంలో చెడు ఉద్దేశం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు.

"ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది, అంకుల్" అంది విజయ, దోసె ముక్క ప్లేటులో వదిలేసి. కారెక్కాక, "ఇన్ని సముద్రాలు దాటి వచ్చినా మనవాళ్ళు మనవాళ్ళేనే" అంది. అలాంటి ప్రశ్నలకు నొచ్చుకోవడం నేను ఎప్పుడో మానేశాను. ఆమెకు ఇంకా నొప్పి పుట్టడం చూసి సంతోషించాను.

పడమటి దారి

"ఈ ఆర్వో వర్షం ఉందంట. లంచ్‌కి ముందే బయల్దేరిపోదాం" అంది విజయ. ఆర్వో అంటే మధ్యాహ్నం వేళ. తన్వి కారు నడిపింది.

నగరం దాటాక నేల ఒక్కసారిగా పరుచుకుపోయింది. ఇంత చదునైన నేలను నేనెప్పుడూ చూడలేదు. కొండల్లో పుట్టినదాన్ని, చూపు ఆగడానికి ఏదీ లేకపోతే కొంచెం భయం వేసింది. ఎండిన గడ్డి, గొర్రెల మందలు, నల్లరాళ్ళను మట్టీ సున్నం లేకుండా పేర్చి కట్టిన పొడవాటి ప్రహరీలు. ఎప్పుడో ఇక్కడ అగ్నిపర్వతాలు పేలాయట, ఆ రాళ్ళట అవి. మధ్య మధ్య మన నీలగిరి చెట్లు. నీలగిరి కొండలకు వీటిని ఇక్కడి నుంచే తెచ్చారని పాఠంలో చెప్పేదాన్ని. పుట్టింట్లో వాటి తీరు వేరు. బెరడు చీలికలుగా వేలాడుతూ, ఎవరి కోసమూ వరసలో నిలబడకుండా, ఇష్టమైన చోట ఉన్నాయి.

దారిలో ఒక బేకరీ దగ్గర ఆగాం. ఇక్కడి రైతులు మధ్యాహ్నం తినేది పై అనే తిండి. పిండి గిన్నెలో మాంసం కూర పోసి మూత వేసి కాల్చినట్టుంటుంది. కొరకగానే వేడి రసం నా చీర మీద పడింది. ఒక్క కాఫీకి ఇచ్చిన డబ్బుతో సీతంపేట సంతలో వారానికి సరిపడా కూరగాయలు కొనవచ్చునని విజయతో అంటే, "కన్వర్ట్ చేసుకోకు. చేసుకుంటే ఇక్కడ నీళ్ళు కూడా గొంతు దిగవు" అంది.

దొర పేరున్న ఊరు

థార్న్‌మియర్ ఊరు ఒకే వీధి. పోస్టాఫీసు, రెండు సారా దుకాణాలు, చర్చి, వీధి మధ్య పచ్చిక మీద కంచు విగ్రహం. మా అమ్మమ్మలు పిల్లలను బెదిరించడానికి తలిచే మనిషి కళ్ళెదుట నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి కత్తి పిడి మీద, రెండో చేతిలో చుట్టిన కాగితం. పొడుగాటి ముక్కు, అలసిన కళ్ళు. నేననుకున్నంత భయంకరంగా లేడు. అది నాకు మరీ కష్టంగా తోచింది.

వీధి చివర చిన్న మ్యూజియం. ఊరి వాళ్ళే వంతులవారీగా కూర్చుంటారు. ఆ రోజు వంతు ఒక ముసలావిడది. గోడల మీద ఉన్నదీ ఆవిడ నోటితో చెప్పిందీ కలిపితే దొర జీవితం ఇది.

ఇంగ్లండులో ఎర్ల్ అనే బిరుదున్న ఒక ప్రభువుగారి రెండో కొడుకు. వాళ్ళలో బిరుదూ భూమీ మొదటివాడివే కనుక ఇతనికి సైన్యంలో కొలువు కొనిచ్చారు. మద్రాసు వచ్చాడు. యుద్ధాల్లో ధైర్యవంతుడని పేరు, భుజంలో ఒక గుండు. ఆ గాయంతోనే ఉద్యోగం వదిలి ఈ కొత్త వలస ప్రాంతానికి వచ్చి, గుర్రం ఒక రోజంతా నడిచినా ఎల్ల దాటలేనంత నేలను తనదన్నాడు. గొర్రెలు పెంచాడు. నల్లరాతి మేడ కట్టాడు. శాసనసభలో కూర్చుని భూమి చట్టాలు రాసేవాళ్ళలో ఒకడయ్యాడు. తన కింద పనిచేసే తెల్ల కూలీల పిల్లలకు బడి పెట్టించాడు. భార్య పోతే ఆమె పేర చర్చి కట్టించాడు. చివరికి అన్న సంతు లేకుండా పోయేసరికి ఇంగ్లండు తిరిగి వెళ్ళి, ఎర్ల్ అయి, ప్రభువుల సభలో కూర్చుని, నిండు వయసులో కన్ను మూశాడు. ఒక కొడుకును మాత్రం ఇక్కడే వదిలాడు. ఆ వంశంవాళ్ళు ఇప్పటికీ అదే మేడలో ఉంటున్నారు.

సైనికుడిగా ఇండియాలో ఏం చేశాడన్న చోట ఒకే ఒక్క వాక్యం ఉంది. కొండ ప్రాంతాలకు శాంతి తెచ్చాడని. నేను ఆ వాక్యం ముందు నిలబడిపోయాను. తన్వి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఆర్ యు ఓకే, ఆంటీ?" అంది.

వెంట వచ్చిన పనివాళ్ళ గురించి ఏమైనా తెలుసా అని ముసలావిడను అడిగాను. ఆవిడ అంది, "మేడలో గ్రాహమ్ ఉంటాడు, అడగండి. అలాగే ఆంటీ జూన్‌ను అడగండి. ఈ ఊళ్ళో గోడ మీద లేనివి ఆవిడకు తెలుసు."

ఆంటీ అనగానే ఎవరో తెలుగావిడ అనుకున్నాను. కాదు. ఇక్కడి ఆదివాసులు తమ పెద్దలను అంకుల్, ఆంటీ అని పిలుస్తారట. ఊరి తెల్లవాళ్ళు కూడా గౌరవంగా అలాగే అంటారు.

ఆ సాయంత్రం బస చేసిన గదిలో విజయ చారుకు పోపు పెట్టింది. ఆవాలు చిటపటమనగానే గదిలోని పొగ గంట కూయడం మొదలుపెట్టింది. యజమాని పరుగెత్తుకొచ్చాడు. క్షమాపణలు చెప్పి ఒక గ్లాసు చారు ఇచ్చాం. తాగి, దగ్గి, ఇంకో గ్లాసు అడిగాడు.

మేడ, గుర్రం సమాధి

గ్రాహమ్‌కు డెబ్బై దాటి ఉంటాయి. మేడలో చాలా గదులకు తాళాలు, ఆయన వంటింటి వైపు రెండు గదుల్లో ఒక్కడే ఉంటాడు. ముక్కు అచ్చం దొరదే. ఇండియా నుంచి దొర మీద ఆసక్తితో ఎవరో టీచరు వచ్చిందని మ్యూజియం ఆవిడ ఫోన్ చేసిందట, టీ కాచి, తానే కాల్చిన స్కోన్లు అనే బన్నులు జామ్‌తో పెట్టాడు. గదులు తెరిచి చూపించాడు. ఒక గోడకు పులి తల. మా కొండల వైపు నుంచి తెచ్చిందేనని గ్రాహమ్ అన్నాడు.

తోటలో ఒక సైప్రస్ చెట్టు కింద పాలరాతి సమాధి ఉంది. దొర బిడ్డలలో ఎవరిదో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చదివితే అది గుర్రానిది. సుల్తాన్ అని పేరు. మద్రాసు నుంచి ఓడలో తెచ్చుకున్న గుర్రమట. నమ్మకమైనవాడు, తోడున్నవాడు అని కింద చెక్కి ఉంది.

"ఈ గుర్రం అంటే ఆయనకు ప్రాణం" అన్నాడు గ్రాహమ్. "దాన్ని చూసుకోవడానికి ఒక ఇండియన్ కుర్రాణ్ణి కూడా తెచ్చాడు. మా ఇంట్లో ఆ కథ చెప్పుకునేవాళ్ళు. దొంగ. ఒకరోజు పొద్దున్నే లాయంలో గుర్రాలన్నిటినీ విప్పి తోలేసి, జీను పట్టీలు కోసేసి పారిపోయాడు. ఆ తరువాత ఆయన మళ్ళీ ఏ ఇండియన్‌నీ నమ్మలేదట."

నా టీ కప్పును సమాధి అంచు మీద పెట్టబోయి, పెట్టలేక, గడ్డి మీద పెట్టాను.

"ఆ కుర్రవాడు మా ముత్తాతగారి తాతకు తమ్ముడు" అన్నాను. "మేం అతని కోసమే వచ్చాం."

గ్రాహమ్ ముఖం ఎర్రబడింది. "నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"మీరు విన్నదే చెప్పారు. అతను పారిపోయి ఎక్కడికి వెళ్ళాడో తెలుసా?"

"తెలియదు. ఎవరూ వెతకలేదనుకుంటాను."

విజయ తెలుగులో మెల్లగా అంది, "పోనీలేవే, పారిపోయాడంటే బతికుంటాడు కదా." నాకూ అప్పుడు అదే ఆశ పుట్టింది. గేటు దాటుతుంటే మాత్రం గుర్రం పేరు చెక్కిన పాలరాయే కళ్ళ ముందు ఆడింది. ఆ గుర్రానికి గడ్డి వేసిన చేతికి ఈ నేల మీద గులకరాయి కూడా లేదు.

ఆంటీ జూన్

ఆంటీ జూన్ ఇల్లు ఊరి చివర, రైలు పట్టాల అవతల. నిండైన మనిషి, తెల్లజుట్టు, మెల్లని మాట. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, ముందు మేం ఎవరమో అడిగింది. ఏ ఊరని కాదు, ఏ ఉద్యోగమనీ కాదు. "మీ వాళ్ళెవరు? మీ నేల ఏది?" అంది. మా కొండల పేర్లు, వాగుల పేర్లు చెప్పాను. మేం అక్కడ మొదటి నుంచి ఉన్నవాళ్ళమని చెప్పాను. ఆమె ఒక్కొక్క పేరుకూ తల ఊపింది. గుడి క్యాంటీన్‌లోనూ నన్ను ఎవరివాళ్ళని అడిగారు. ఇక్కడ అదే మాట అడిగితే నా వీపు నిటారుగా నిలిచింది.

దొర తెచ్చిన మనిషి గురించి అడిగాను.

"మా అమ్మమ్మకు వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాట ఒకటుంది. దాన్ని వరండాలో కూర్చుని చెప్పను. జరిగిన చోటే చెప్పాలి. గ్రాహమ్ భూమిలో ఒక మడుగు ఉంది. మా నాన్న చిన్నప్పటి నుంచీ మాకు అక్కడికి గేటు తెరవలేదు."

"మీరు ఎప్పుడూ అడగలేదా?"

"నేనెందుకు అడగాలి?" అంది. గొంతులో కోపం లేదు. "నా ఇంటికి వెళ్ళడానికి నేను ఇంకొకరిని అడగాలా?"

ఆమే మళ్ళీ అంది, "నువ్వు అడుగు. నువ్వు చుట్టానివి. చుట్టం అడిగితే తప్పులేదు."

మర్నాడు పొద్దున మళ్ళీ మేడ తలుపు తట్టాను. ఏం కావాలో చెప్పాను. గ్రాహమ్ గుమ్మంలోనే నిలబడి, రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించి విన్నాడు.

"ఆ మడుగు గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటారు" అన్నాడు. "మా నాన్న అటు ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు."

"మీకు వినాలని లేకపోతే రావద్దు. గేటు మాత్రం తెరవండి" అన్నాను. బడిలో పిల్లలతో మాట్లాడే గొంతు వచ్చేసింది నాకు తెలియకుండానే.

ఆయన లోపలికి వెళ్ళాడు. తలుపు మూస్తాడనుకున్నాను. టోపీ, తాళాల గుత్తీ తీసుకుని బయటికి వచ్చాడు.

మడుగు దగ్గర

గ్రాహమ్ పికప్ బండి ముందు, ఆంటీ జూన్‌ను ఎక్కించుకున్న తన్వి కారు వెనక. గడ్డి మైదానంలో రెండు గేట్లు దాటాక నేల ఒక్కచోట లోపలికి దిగింది. పైనుంచి చూస్తే అక్కడ నీళ్ళున్నాయని తెలియదు. దిగువన నల్లరాళ్ళ మధ్య నిశ్చలమైన మడుగు, ఒడ్డున రెల్లు, ముసలి నీలగిరి చెట్లు. పక్షుల అరుపు తప్ప చప్పుడు లేదు.

ఆంటీ జూన్ మమ్మల్ని పైనే ఆగమంది. తానొక్కతే దిగి, నీళ్ళ వైపు తిరిగి తన భాషలో మాట్లాడింది. మనం ఇంటికి చుట్టాన్ని తీసుకొస్తే లోపలి వాళ్ళకు కేకేసి చెబుతామే, అలా ఉంది. తరువాత చేత్తో పిలిచింది. మేం దిగాం. గ్రాహమ్ బండి దగ్గరే నిలబడ్డాడు.

ఆమె చెప్పిన మాట ఇది.

దొర గొర్రెలు వచ్చాక ఈ నేల మీద వేట పోయింది, దుంపలు పోయాయి. ఆకలికి వీళ్ళు గొర్రెలను కొట్టారు. దొర మనుషులు వీళ్ళను కొట్టారు. ఆ రోజుల్లో మేడ నుంచి ఒక నల్లటి మనిషి అప్పుడప్పుడు ఈ మడుగుకు వచ్చేవాడు. వీళ్ళవాడు కాదు, తెల్లవాడు కాదు. గుర్రాల మనిషి అనేవారు. వీళ్ళ పిల్లలకు అతనంటే వింత. తినడానికి ఏదైనా ఇస్తే చేతిలో పెట్టుకుని తినేవాడు కాడు. లేత నీలగిరి చెట్టు ఆకులు తెంపేవాడు. ముదురు చెట్టుకు సన్నటి ఆకులుంటాయి గానీ, లేత చెట్టుకు వెడల్పుగా, వెండిరంగుగా ఉంటాయి. వాటిని ఒకదాని అంచు మీద ఒకటి పెట్టి, గడ్డి పుల్లలతో గుచ్చి, గుండ్రంగా చేసి, దాని మీద పెట్టుకుని తినేవాడు. పిల్లలు చుట్టూ కూర్చుని నవ్వేవాళ్ళు.

అది మా విస్తరి. మా ఆడవాళ్ళు అడవి నుంచి అడ్డాకులు తెచ్చి, వెదురు పుల్లలతో గుచ్చి విస్తర్లు కుడతారు. మా అమ్మ కళ్ళు మూసుకుని కుట్టేది. విజయ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒకరోజు తెల్లవారుతుంటే అతను పరుగున వచ్చాడు" అంది. "భాష సరిగా రాదు. చేతులతో చూపించాడు. గుర్రాలు, తుపాకులు, వస్తున్నారు, పొండి అని. కొందరు నమ్మారు, రెల్లులో పడి అవతలికి దాటారు. మా అమ్మమ్మకు అమ్మమ్మ అప్పుడు చిన్నపిల్ల. అతనే ఎత్తుకుని నీళ్ళు దాటించాడు. దొర మనుషులు రావడం ఆలస్యమైంది. ఎందుకో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ కొంచెం ఆలస్యమే లేకపోతే నేను లేను."

"తరువాత?"

"ముసలివాళ్ళు మిగిలిపోయారు, నడవలేనివాళ్ళు. వాళ్ళ కోసం మళ్ళీ ఇటు దాటి వచ్చాడు. వాళ్ళతోపాటే పడిపోయాడు. ఎంతమందో మాకు తెలియదు. అందరూ ఇక్కడే ఉన్నారు."

వెనక గడ్డి కదిలింది. గ్రాహమ్ ఎప్పుడు దిగి వచ్చాడో మాకు తెలియలేదు. టోపీ చేతిలో ఉంది.

"ఆలస్యం ఎందుకైందో నాకు తెలుసు, జూన్" అన్నాడు. "ఆ రోజు లాయంలో గుర్రాలు లేవు. అతను అన్నిటినీ విప్పి తోలేశాడు. జీను పట్టీలు కోసేశాడు. వాటిని పట్టి తెచ్చుకోవాల్సి వచ్చింది. మా ఇంట్లో అది దొంగతనం అని చెప్పారు."

ఆ ఇద్దరూ ఒకే ఊళ్ళో పుట్టి ముసలివాళ్ళయ్యారు. ఒకే పొద్దు కథలో చెరి సగం దాచుకుని, వీధిలో ఎదురుపడితే తలలు ఊపుకుంటూ బతికారు. ఆంటీ జూన్ ఆయన వైపు చూసింది. క్షమించినట్టూ కాదు, నిందించినట్టూ కాదు.

తరువాత నా వైపు తిరిగింది. "మేం ఇన్నాళ్ళూ గుర్రాల మనిషి అనే పిలిచాం. అతని పేరేమిటి?"

"సుక్రు" అన్నాను. "శుక్రవారం పుట్టాడని."

ఆమె నీళ్ళ వైపు తిరిగి తన భాషలో ఏదో చెప్పింది. మధ్యలో ఆ పేరు వినబడింది. నేను ఏడ్చాను. మా భాషలో, మా ఆడవాళ్ళు చావింట్లో ఏడ్చే బాణీలో, వరస పెట్టి పిలుస్తూ ఏడ్చాను. అంతవరకు ఆయన కోసం అలా ఏడ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన అన్న ఏడవలేదు, పోయాడో లేదో తెలియక. తన్వి కూడా ఏడుస్తోంది. "ఆంటీ, నాక్కూడా నేర్పించు" అంది. ఆ పిల్ల నాతో ఆడిన మొదటి తెలుగు మాట అది.

తిరుగుదారిలో గ్రాహమ్ చివరి గేటు తెరిచి, మా కారు దాటాక మళ్ళీ మూయలేదు. అద్దం దగ్గరికి వచ్చి వంగాడు.

"ఆ పేరు ఇంకోసారి చెప్పండి."

చెప్పాను. "సూక్రూ" అన్నాడు. కాదు, పొడవు తీయకూడదు అన్నాను. మళ్ళీ అన్నాడు, మళ్ళీ తప్పు. విసుక్కోకుండా అంటూనే ఉన్నాడు. సరిగా వచ్చాక తల వంచుకుని, "గుర్రం పేరు నాకు మాటలు వచ్చిన నాటి నుంచీ తెలుసు" అన్నాడు.

గూడలో

ఎజ్జోడు నా మాట మొత్తం కళ్ళు మూసుకుని విన్నాడు. ఏ వేళ, ఏ ఒడ్డు, తుపాకీతోనా, నీళ్ళలోనా, అన్నీ అడిగాడు. రాయి పాతడానికి ఒప్పుకున్నాడు. గూడలో అందరి ముఖాలూ తేలికపడ్డాయి. అప్పుడు ఆయన కళ్ళు తెరిచి అడిగాడు.

"ఆయనతో పోయినోళ్ళకి రాళ్ళున్నాయేటమ్మా?"

"లేవు."

"మరి ఒక్కడికే ఎలా పాతుతాం? ఆల్లని ఒగ్గీసి ఈయనొస్తాడేటి? ఆల్ల కోసమే కదా ఎనక్కెళ్ళాడు."

వాళ్ళు మన వంశం కాదు కదా అని ఎవరో గొణిగారు. ఎజ్జోడు పక్క చోటు చదును చేయమన్నాడు.

ఇంకొకరి చనిపోయినవాళ్ళకు మేం రాయి పెట్టవచ్చునో లేదో మాకు తెలియదు. ఆంటీ జూన్‌కు ఫోన్ చేశాను. తానొక్కతే చెప్పే మాట కాదని, తమ పెద్దలను అడగాలని అంది. కొన్నాళ్ళు ఏ కబురూ రాలేదు. మేం ఆగాం. గోతులు రెండూ తీసి ఉంచాం.

ఒక ఉదయం ఫోన్ మోగింది. "పెట్టండి అన్నారు" అంది. ఆ వెంటే, "ఆ రాయి ఎటు చూస్తూ ఉంటుంది?" అని అడిగింది.

ఎజ్జోడిని అడిగాను. ఆయన లేచి నిలబడి, కొండ అంచు మీదుగా ఆగ్నేయం వైపు, సముద్రం ఉన్న వైపు చెయ్యి చాపాడు.

"మీ వైపు" అని చెప్పాను.